కప్పు గెలిచిన మరుసటి ఏడాది

(కళాశాలల బాస్కెట్‌బాల్ క్రీడాకారులకు, ఫిజికల్ డైరెక్టర్లకు 2025 మే నెలలో జరిగిన వేసవి శిబిరంలో ఒక శిక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయిలు ఈ ఏడాది విశ్వవిద్యాలయ స్థాయిలో గెలిచి వచ్చారని నిర్వాహకులు చెప్పారు. చాలా సంతోషం తల్లీ. మీ గెలుపు గురించి మాట్లాడమనే నన్ను పిలిచారు. కానీ నా మనసంతా మీ వచ్చే ఏడాది మీద ఉంది. అందుకని ఈ గంటా దాని గురించే మాట్లాడతాను. మీ జట్టును తీసుకుని చెబితే మీకు మొహమాటంగా ఉంటుంది. అమెరికాలో ఒక కళాశాల జట్టు ఉంది, కొన్నేళ్లుగా దాన్ని వదలకుండా చూస్తున్నాను. ఆ జట్టు కథ చెబుతాను.

దాని పేరు యూకాన్. కనెటికట్ విశ్వవిద్యాలయం. మా మేనల్లుడు ఆ రాష్ట్రంలో చదువుకోవడానికి వెళ్లినప్పటి నుంచి నాకు ఈ జట్టు మీద కన్ను పడింది. స్టోర్స్ అనే చిన్న ఊళ్లో ఉంటుంది. 1881లో ఇద్దరు అన్నదమ్ములు ఇచ్చిన భూమిలో వ్యవసాయ పాఠశాలగా మొదలైంది. ఆ రాష్ట్రంలో పెద్ద ప్రొఫెషనల్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఏదీ లేదు. కాబట్టి ఊరికీ రాష్ట్రానికీ కలిపి ఈ కళాశాల జట్టే సొంత జట్టు.

అక్కడి జాతీయ పోటీ ఎలా జరుగుతుందో తెలియని వారికి రెండు మాటల్లో చెబుతాను. ఏటా మార్చిలో 68 జట్లను ఎంపిక చేస్తారు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికి వెళ్లిపోవాలి. మన లీగ్ పద్ధతిలో లాగా ఒకటి పోయినా మరొకటి ఉందిలే అనుకోవడానికి వీలుండదు. పెద్ద జట్లు వరసగా ఆరు మ్యాచులు గెలిస్తే కప్పు. నలభై నిమిషాల ఆట, ఆరు సార్లు, తప్పులకు చోటు లేకుండా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. యూకాన్ పురుషుల జట్టు 1999లో గెలిచింది, 2004లో గెలిచింది, 2011లో గెలిచింది, 2014లో గెలిచింది. పదిహేనేళ్లలో నాలుగు జాతీయ కప్పులు. ఇప్పుడు ఆ నాలుగు గెలుపుల మరుసటి ఏడాదులు చూడండి. 2000లో రెండో రౌండులో ఓటమి. 2005లో రెండో రౌండులో ఓటమి. 2012లో మొదటి రౌండులోనే అయోవా స్టేట్ చేతిలో ఓటమి. 2015లో అయితే ఆ 68 జట్లలో చోటే దొరకలేదు. ఒకే విశ్వవిద్యాలయం, అదే మైదానం, అదే అభిమానులు. నాలుగు సార్లు శిఖరం ఎక్కి, నాలుగు సార్లూ మరుసటి ఏడాది రెండో మెట్టు దాటలేకపోయారు.

ఇది వాళ్ల ఒక్కరి దురదృష్టం అనుకోకండి. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం జట్టు వరసగా ఏడు సార్లు గెలిచింది. ఆ వరస 1973తో ముగిసింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దంలో పురుషుల విభాగంలో వరసగా రెండేళ్లు గెలిచిన జట్లు మూడే మూడు. 1991, 92లలో డ్యూక్. 2006, 07లలో ఫ్లోరిడా. 2023, 24లలో ఈ యూకాన్. మూడింటిలో మొదటి రెండింటి రహస్యం తేలికగానే అర్థమవుతుంది. గెలిచిన కుర్రాళ్లు వెళ్లకుండా ఉండిపోయారు. ఫ్లోరిడాలో అయితే మొదటి అయిదుగురూ, జోకిమ్ నోవా, అల్ హార్ఫర్డ్, కోరీ బ్రూవర్, టారియన్ గ్రీన్, లీ హంఫ్రీ, అందరూ తిరిగి వచ్చారు. డబ్బు ఎదురుగా ఉన్నా ఇంకో ఏడాది కలిసి ఆడదామని ఉండిపోయారు. ఆ అయిదుగురూ వెళ్లిపోయాక, 2008లో ఆ జట్టుకు జాతీయ పోటీలో చోటు దక్కలేదు.

యూకాన్ సంగతి అలా కాదు. అందుకే నాకు దాని మీద ఇంత ఆసక్తి.

2023 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో శాన్ డియేగో స్టేట్ మీద 76-59 స్కోరుతో కప్పు గెలిచారు. ఆ పోటీలో ఆరు మ్యాచులూ పది పాయింట్లకు మించిన తేడాతోనే గెలిచారు. ఆ తర్వాత మొదటి అయిదుగురిలో ముగ్గురు వెళ్లిపోయారు. పోటీలో ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన అడామా సానోగో, దూరం నుంచి గురి తప్పని జోర్డాన్ హాకిన్స్, జట్టంతటినీ ఊపే ఆండ్రే జాక్సన్. మిగిలింది ట్రిస్టన్ న్యూటన్, అలెక్స్ కారబాన్. ఇద్దరు.

నేను ఎన్నో కళాశాలల్లో చూశాను. గెలిచిన ఏడాది ఫోటోను పెద్ద అద్దాల చట్రంలో పెట్టి ప్రిన్సిపాల్ గది బయట తగిలిస్తారు. మరుసటి ఏడాది కొత్త పిల్లలు వచ్చి ఆ ఫోటో ముందు నిలబడతారు. “మీ సీనియర్లు చూడండి” అంటాం. ఆ ఫోటోలో ఉన్నవాళ్లలో ముప్పావు మంది అప్పటికి లేరు. పేరు అదే, జెర్సీ రంగు అదే, ఆడేవాళ్లు వేరు. గెలిచిన జట్టు ఆ రాత్రితోనే ముగిసిపోతుంది. ఈ మాట ఒప్పుకోవడానికి శిక్షకులకు చాలా కాలం పడుతుంది. నాకూ పట్టింది. నేను ఆడే రోజుల్లో మా జట్టు ఒక ఏడాది గెలిచింది. ఆ తర్వాత ఆరు నెలలు సన్మానాలే సన్మానాలు. ఎక్కడ పిలిచినా వెళ్లాం, శాలువాలు కప్పించుకున్నాం. జూనియర్ అమ్మాయిలను మా వెంట తిప్పాం గానీ వాళ్ల చేతికి బంతి ఇవ్వలేదు. మరుసటి ఏడాది మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాం. ఆ రోజు మా జూనియర్ ఒకమ్మాయి ఏడుస్తూ “అక్కా, నేను ఎక్కడ నిలబడాలో నాకు ఎవరూ చెప్పలేదు” అంది. ఆ మాట ఇన్నేళ్లుగా నాతోనే ఉంది.

స్టోర్స్‌లో ఆ పని చేశారు. ఎక్కడ నిలబడాలో చెప్పారు.

డోనవన్ క్లింగన్ అని ఒక కుర్రాడు ఉన్నాడు. ఆ రాష్ట్రంలోనే బ్రిస్టల్ అనే ఊరి పిల్లవాడు. ఏడడుగుల రెండంగుళాల ఎత్తు. అంత ఎత్తున్న పిల్లవాడు మన దగ్గర దొరికితే ఏం చేస్తాం? మొదటి రోజే కోర్టులో దింపి, ప్రతి బంతీ వాడికే వేయమంటాం. వాళ్లు అలా చేయలేదు. 2022-23లో, అంటే కప్పు గెలిచిన ఏడాదిలో, సానోగోకు మారుగా మ్యాచ్‌కు పదమూడు నిమిషాల పాటు మాత్రమే ఆడించారు. ఆ పదమూడు నిమిషాలూ గెలిచే జట్టు మధ్యలో గడిచాయి. రోజూ సాధనలో సానోగో భుజాల కింద నలిగాడు. సానోగో వెళ్లిన రోజున ఆ స్థానానికి వెతుక్కోవలసిన పని రాలేదు.

మన రైతులు పంట బాగా పండిన ఏడాది కూడా గాదెలో వడ్లన్నీ దంచుకోరు కదా. విత్తనాల కోసం కొన్ని విడిగా తీసి పెడతారు. గెలిచే ఏడాదిలోనే వచ్చే ఏడాది సెంటర్‌ను, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగు మనిషిని, తయారు చేసుకోవడం అలాంటిది. పీడీ సార్లు, మేడములు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పాతిక పాయింట్ల ఆధిక్యంలో ఉన్న మ్యాచ్‌లో కూడా చివరి నిమిషం దాకా అయిదుగురు సీనియర్లనే ఆడించే అలవాటు మనకు ఉంది. అది విత్తనాలు తినేయడమే.

మిగిలిన ఖాళీలకు ఏం చేశారు? హాకిన్స్ పోయాడు, అంటే దూరపు షాట్లు పోయాయి. వాటి కోసం రట్‌గర్స్ నుంచి క్యామ్ స్పెన్సర్ అనే సీనియర్‌ను తెచ్చుకున్నారు. ఇప్పుడు అక్కడ కళాశాల మారితే ఏడాది ఖాళీగా కూర్చోవలసిన అవసరం లేదు. ఆ నిబంధన మారాక ఆటగాళ్ల రాకపోకలు బాగా పెరిగాయి. స్పెన్సర్ పెద్దగా ఎగరలేడు, వేగమూ అంతంత మాత్రమే. కానీ మూడు పాయింట్ల షాట్లు నూటికి నలభై నాలుగు పడేవి. బంతి చేతిలో లేనప్పుడు కూడా ఒక్క క్షణం ఆగేవాడు కాదు. ఆండ్రే జాక్సన్ పోయాడు, అంటే ఎదుటి జట్టులో మేటి ఆటగాణ్ణి కట్టడి చేసేవాడు పోయాడు. ఆ పనిని స్టెఫాన్ క్యాసిల్ అనే మొదటి సంవత్సరం కుర్రాడికి అప్పగించారు.

ఈ క్యాసిల్ గురించి ఒక్క నిమిషం ఆగుతాను. ఇతను మరుసటి ఏడాది ఎన్‌బీఏకు, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లి, మొన్న ఏప్రిల్‌లో అక్కడ ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి అందుకున్నాడు. అంత సత్తా ఉన్నవాడు. కళాశాలలో ఉన్న ఆ ఒక్క ఏడాది అతని సగటు పదకొండు పాయింట్లే. పాతిక వేయగలవాడు పదకొండుతో సరిపెట్టుకుని ఎదుటివాడి వెంట పరుగెత్తాడు. “నాకు బంతి రావడం లేదు మేడమ్” అని నా దగ్గరికి వచ్చే అమ్మాయిలకు నేను క్యాసిల్ పేరు చెబుతుంటాను.

ఇలా కూర్చుకున్న జట్టు 2023-24లో 37 గెలిచి మూడు ఓడింది. ఓడిన మూడూ చెప్పుకోదగినవే. డిసెంబరు 1న కాన్సస్ మైదానంలో 69-65. డిసెంబరు 20న సీటన్ హాల్ చేతిలో 75-60. ఈ మ్యాచ్‌లోనే క్లింగన్ పాదానికి దెబ్బ తగిలి కొన్ని వారాలు దూరమయ్యాడు. అప్పుడు టోగో దేశం నుంచి వచ్చిన శాంసన్ జాన్సన్ ఆ చోటు నింపాడు. వరసగా పద్నాలుగు మ్యాచులు గెలిచారు. మళ్లీ చూడండి, బెంచీ మీది మనిషి సిద్ధంగా ఉన్నాడు. మూడో ఓటమి ఫిబ్రవరి 20న, క్రైటన్ చేతిలో 85-66. అది చిత్తుగా ఓడడమే. ఆ తర్వాత ఆ ఏడాది వాళ్లు మళ్లీ ఓడలేదు.

మార్చి 30న బోస్టన్‌లో ఇల్లినాయ్ మీద ఆడిన ఆట చూడనివాళ్లు తప్పకుండా వెతికి చూడండి. స్కోరు 23-23 దగ్గర ఉంది. అక్కడి నుంచి యూకాన్ వరసగా ముప్పై పాయింట్లు వేసింది. ఎదుటివారు ఒక్కటి కూడా వేయలేదు. 53-23. నా జీవితంలో ఆ స్థాయి పోటీలో అలాంటిది చూడలేదు. ఇల్లినాయ్ వాళ్లు క్లింగన్ ఎదురుగా వేసిన పంతొమ్మిది షాట్లలో ఒక్కటీ పడలేదు. గత ఏడాది పదమూడు నిమిషాల కుర్రాడు ఇతనే.

ఇక ఫైనల్. అమెరికాలో 2024 ఏప్రిల్ 8 రాత్రి, మనకు 9వ తేదీ ఉదయం. ఆ రోజు ఉగాది. క్రోధి నామ సంవత్సరం మొదలైన రోజు. ఏడింటికి ముందే మ్యాచ్ మొదలైంది. వంటింట్లో వేపపువ్వు, మామిడి ముక్కలు, కొత్త బెల్లం అన్నీ సిద్ధం చేసి పెట్టుకుని, తలంటు పోసుకున్న జుట్టు ఆరీ ఆరకముందే టీవీ ముందు కూర్చున్నాను. మా అమ్మ “పండగ పూట ఇదేమిటే” అన్నా లేవలేదు.

ఎదుటి జట్టు పర్డ్యూ. వాళ్ల సెంటర్ జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాల వాడు. అతనికి బంతి అందితే ఇద్దరు ముగ్గురు మీద పడతారు. అప్పుడతను బయటికి విసురుతాడు, బయట నిలబడ్డవాళ్లు మూడు పాయింట్ల షాట్ వేస్తారు. ఆ ఏడాది దేశంలో దూరం నుంచి బాగా వేసే జట్లలో పర్డ్యూ ఒకటి. యూకాన్ శిక్షకుడు డాన్ హర్లీ ఏం చేశాడో చూడండి. (బోర్డు మీద గీస్తూ) ఇక్కడ ఈడీ ఉన్నాడు. అతని మీదికి ఒక్క క్లింగన్‌నే వదిలాడు. అతను అలిసిపోతే జాన్సన్‌ను. మిగతా నలుగురూ తమ తమ మనుషులను వదిలి అంగుళం కూడా కదలకూడదు. ఈడీ వేసుకుంటే వేసుకోనీ. అతను వేశాడు కూడా, ముప్పై ఏడు పాయింట్లు. కానీ జట్టు మొత్తం మ్యాచ్‌లో మూడు పాయింట్ల షాట్లు ఎన్ని వేయగలిగిందో తెలుసా? ఏడు ప్రయత్నాలు. పడింది ఒక్కటి. చివరి స్కోరు 75-60.

తమ మీద ఒకడు ముప్పై ఏడు వేస్తున్నా కంగారు పడకుండా నలభై నిమిషాలు ఒకే మాట మీద నిలబడడం చాలా కష్టం. నేను చేయగలనా అంటే, చేయలేనేమో. రెండో క్వార్టర్‌కే “డబుల్ చేయండి, డబుల్ చేయండి”, ఇద్దరు కలిసి కాయండి అని అరుస్తాను. ఆ నిలకడ నాకు గొప్పగా అనిపించింది. న్యూటన్ ఇరవై పాయింట్లు వేసి ఉత్తమ ఆటగాడయ్యాడు. అంతకుముందు ఏడాది ఫైనల్లో కూడా ఆడి మిగిలిన ఇద్దరిలో ఒకడు. ఆ ఏడాది ఆరు మ్యాచుల్లో కలిపి గెలుపు తేడా 140 పాయింట్లు. పోటీ చరిత్రలో అంత తేడా ఇంకెవరికీ లేదు.

మ్యాచ్ అయ్యాక లేచి పచ్చడి కలిపాను.

హర్లీ గురించి కూడా చెప్పాలి. అతని తండ్రి బాబ్ హర్లీ, జెర్సీ సిటీలో సెయింట్ ఆంథనీ అనే చిన్న బడిలో దశాబ్దాల పాటు పిల్లలకు ఆట నేర్పి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించిన మనిషి. అన్న బాబీ హర్లీ. నేను ఇందాక డ్యూక్ అన్నాను చూడండి, 1991, 92లలో వరసగా గెలిచిన జట్టు, బంతి నడిపించే దాని పాయింట్ గార్డ్ ఆ అన్నే. తమ్ముడు సీటన్ హాల్‌లో ఆడాడు, అన్న నీడలో చాలా బాధపడ్డాడు. 2018లో యూకాన్‌కు వచ్చినప్పుడు మొదటి ఏడాది 16 గెలిచి 17 ఓడాడు. ఆరేళ్లలో ఇక్కడికి చేరాడు. 2024 జూన్‌లో ఎన్‌బీఏ జట్టు లాస్ ఏంజెలెస్ లేకర్స్ వాళ్లు పిలిచారు. ఏళ్ల తరబడి కోట్ల డాలర్ల ఒప్పందం. వద్దని చెప్పి స్టోర్స్‌లోనే ఉండిపోయాడు. మూడోసారి కూడా గెలవాలని.

ఇప్పుడు మూడో ఏడాది. మీరు బాగా వినవలసింది ఇదే.

ఈసారి అయిదుగురిలో నలుగురు వెళ్లిపోయారు. న్యూటన్, స్పెన్సర్, క్యాసిల్, క్లింగన్. నలుగురూ ఎన్‌బీఏ ఎంపికలో చోటు సంపాదించారు. క్యాసిల్ నాలుగో స్థానంలో, క్లింగన్ ఏడో స్థానంలో. మిగిలింది కారబాన్ ఒక్కడే. అతను కూడా వెళ్దామనుకుని, పేరు వెనక్కి తీసుకుని వచ్చాడు. బెంచీ నుంచి శాంసన్ జాన్సన్, హసన్ డియారా ఉన్నారు. కొత్తగా లియామ్ మెక్‌నీలీ అనే మొదటి సంవత్సరం కుర్రాడు, మిషిగన్ నుంచి టారిస్ రీడ్ వచ్చారు. రెండో సంవత్సరంలోకి వచ్చిన సోలో బాల్‌కు పెద్ద బాధ్యత ఇచ్చారు. పద్ధతి అదే. మనుషులను సిద్ధం చేయడం, ఖాళీకి తగినవాణ్ణి వెతకడం, అంతా అదే.

నవంబరు చివర హవాయిలోని మావి దీవిలో టోర్నమెంట్. అప్పటికి వరసగా పదిహేడు గెలుపులు, దేశంలో రెండో ర్యాంకు. మూడు రోజుల్లో మూడు ఓటములు. మెంఫిస్ మీద ఓవర్‌టైమ్‌లో 99-97. కొలరాడో మీద 73-72. డేటన్ మీద 85-67. ఒక్క వారంలో రెండో ర్యాంకు నుంచి ఇరవై అయిదుకు పడిపోయారు.

మెంఫిస్ మ్యాచ్‌లో ఒక తప్పు జరిగింది. దాన్ని దాచను. ఓవర్‌టైమ్‌లో నిమిషం కన్నా తక్కువ మిగిలి ఉంది. రీబౌండ్ దగ్గర తన ఆటగాడి మీద ఫౌల్ ఇచ్చారని హర్లీకి కోపం వచ్చింది. వెల్లకిలా నేల మీద పడిపోయాడు, రిఫరీ మీద అరిచాడు. దురుసు ప్రవర్తనకు టెక్నికల్ ఫౌల్ ఇచ్చారు. రెండు ఫౌళ్లకూ కలిపి మెంఫిస్‌కు నాలుగు ఫ్రీ త్రోలు దొరికాయి, నాలుగూ పడ్డాయి. మ్యాచ్ ఓడింది రెండు పాయింట్ల తేడాతో. లెక్క మీరే వేసుకోండి. హర్లీ అంటే నాకు ఎంత గౌరవం ఉన్నా, ఆ ఓటమిలో పెద్ద భాగం అతనిదే. పిల్లల చేతుల్లో ఉన్న ఆటను శిక్షకుడు తీసుకుని జారవిడిచాడు. ఇక్కడున్న శిక్షకులందరం గుర్తు పెట్టుకోవాలి. గెలిచిన మరుసటి ఏడాది మనకు కోపం ఎక్కువ వస్తుంది. ఓడే అలవాటు పోయి ఉంటుంది కాబట్టి.

అక్కడితో ఆ జట్టు కూలిపోవలసింది. కూలలేదు. డిసెంబరు మొదటి రెండు వారాల్లో సొంత మైదానంలో బేలర్‌ను, టెక్సస్‌ను వాళ్ల ఊళ్లోనే, న్యూయార్క్‌లో గొంజాగాను ఓడించారు. ఆ తర్వాత మెక్‌నీలీ చీలమండకు దెబ్బ తగిలి కొన్ని మ్యాచులు ఆడలేదు. కోలుకుని వచ్చాక ఫిబ్రవరిలో క్రైటన్ మైదానంలో ముప్పై ఎనిమిది పాయింట్లు వేశాడు. నాలుగు రోజుల తర్వాత, పట్టికలో అట్టడుగున ఉన్న సీటన్ హాల్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. ఏడాదంతా అలాగే సాగింది. ఒక మెట్టు ఎక్కడం, ఒక మెట్టు జారడం.

ఎందుకు? కారబాన్‌ను చూస్తే నాకు అర్థమైంది. కిందటి ఏడాది వరకు అతను చక్కగా షాట్లు వేసేవాడు. ఈ ఏడాది శాతం తగ్గింది. చేతిలో గురి పోలేదు. కిందటి ఏడాది ప్రత్యర్థులు క్యాసిల్‌ను చూడాలి, స్పెన్సర్‌ను చూడాలి, క్లింగన్‌ను చూడాలి, ఆ తర్వాత మిగిలిన ఓపికతో కారబాన్‌ను చూడాలి. ఈ ఏడాది వాళ్ల చూపంతా అతని మీదే. అతను మారలేదు, అతని చుట్టూ ఉన్న చోటు ఇరుకైపోయింది. ఇక రక్షణ సంగతి. రింగ్ దగ్గర క్లింగన్ లేడు, బయట క్యాసిల్ లేడు. పాయింట్ గార్డ్ డియారా మోకాలి నొప్పితోనే ఆడుతున్నాడు. ఆ లోటును మంచి మాటలతో, పట్టుదలతో పూడ్చలేం.

మార్చిలో ఎనిమిదో సీడ్‌గా, అంటే తమ విభాగంలో బలాన్ని బట్టి ఇచ్చే వరసలో ఎనిమిదో జట్టుగా పోటీలోకి వచ్చారు. ఓక్లహోమా మీద 67-59. అది జాతీయ పోటీలో వరసగా పదమూడో గెలుపు. రెండో రౌండులో మొదటి సీడ్ ఫ్లోరిడా. మార్చి 23, ఆదివారం, రాలీ నగరంలో. మనకు రాత్రి తొమ్మిది దాటింది. ఇంకో వారంలో ఉగాది, క్రోధి సంవత్సరం చివరి రోజులు. ఏ ఉగాది పొద్దున వాళ్లు గెలవడం చూశానో ఆ సంవత్సరం ఇంకా పూర్తి కాలేదు.

రెండో సగంలో చాలాసేపు యూకానే ముందుంది. ఎనిమిదో సీడ్ జట్టు, ఏడాదంతా పడుతూ లేస్తూ వచ్చిన జట్టు, ఆ ఏడాది దేశంలోకెల్లా బలమైన జట్టును కట్టి పడేసింది. చివరి నిమిషాల్లో వాల్టర్ క్లేటన్ దూరం నుంచి వేసిన షాట్లతో ఫ్లోరిడా ముందుకు వెళ్లింది. 77-75. రెండు పాయింట్లు. అదే ఫ్లోరిడా రెండు వారాల తర్వాత కప్పు గెలిచింది, ఫైనల్లో హ్యూస్టన్ మీద కూడా తేడా రెండు పాయింట్లే.

మ్యాచ్ ముగిశాక హర్లీ కోర్టు మీదే ఏడ్చాడు. జాన్సన్‌ను, డియారాను, కారబాన్‌ను గట్టిగా పట్టుకున్నాడు. రెండు కప్పులు గెలిచిన పిల్లలు, మూడో ఏడాది ఓడి వెళ్తుంటే ఆ శిక్షకుడు ఏడ్చిన తీరు చూసి నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. మరునాడు కొందరు “ఈసారి విఫలమయ్యారు” అని రాశారు. నేను ఆ మాటకు ఒప్పుకోను. ఇరవై నాలుగు గెలుపులు, పదకొండు ఓటములు, రెండో రౌండు. పట్టికలో చూస్తే 2000, 2005 సంవత్సరాల ఫలితమే. కానీ నలుగురు పోయిన జట్టు చివరికి ఆ స్థాయిలో పోరాడగలిగిందంటే, ఆ ఏడాదిలో జరిగిన పని నాకు 37 గెలుపుల ఏడాది కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. గెలిచిన ఏడాది వీడియోలు నా అమ్మాయిలకు చూపిస్తాను. కానీ కలిసి కూర్చుని ఆపి ఆపి మాట్లాడుకునేది మాత్రం ఫ్లోరిడా మ్యాచ్ గురించే.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. ఇంతసేపు పురుషుల జట్టు గురించే మాట్లాడాను. అదే ప్రాంగణంలో మహిళల జట్టు ఉంది. జెనో ఆరియెమ్మా 1985 నుంచి శిక్షకుడు. మొన్న ఏప్రిల్ 6న దక్షిణ కెరొలైనా మీద 82-59తో గెలిచి పన్నెండో జాతీయ కప్పు తెచ్చారు. వాళ్లు 2002 నుంచి 2004 దాకా మూడు, 2013 నుంచి 2016 దాకా నాలుగు వరసగా గెలిచారు. పురుషుల జట్టుకు ఒక్కసారి తప్ప కొరుకుడు పడని ‘మరుసటి ఏడాది’ని ఆ అమ్మాయిలు అదే ఊళ్లో మళ్లీ మళ్లీ దాటారు. కారణాల్లో ఒకటి స్పష్టం. మహిళల ప్రొఫెషనల్ లీగ్ నిబంధనల వల్ల అమ్మాయిలు మామూలుగా నాలుగేళ్లూ కళాశాలలోనే ఉంటారు. బ్రియానా స్టూవర్ట్ నాలుగేళ్లు ఆడింది, నాలుగు కప్పులు గెలిచింది, నాలుగు సార్లూ ఉత్తమ ఆటగత్తె అయింది. సీనియర్ పక్కన జూనియర్ మూడేళ్లు నిలబడితే ఎక్కడ నిలబడాలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మన డిగ్రీ కళాశాలల్లో మీకు ఉండేది మూడేళ్లు. అందులో మొదటి ఏడాదంతా బంతులు మోయడానికి, మంచినీళ్లు అందించడానికి సరిపోతుంది. మిగిలేది రెండు. ఆ మొదటి ఏడాదిని మీ జూనియర్లకు తిరిగి ఇచ్చేయండి.

కారబాన్ ఇంకో ఏడాది ఆడతానని ప్రకటించాడు. రెండు కప్పులు చేతిలో ఉన్నవాడు, ఒక ఓటమి చూసి, మళ్లీ అదే కోర్టుకు వస్తున్నాడు. నవంబరులో నేను మళ్లీ చూస్తాను.

సాయంత్రం అయిదింటికి కోర్టు మీద కలుద్దాం. ఇందాక బోర్డు మీద గీసిన రక్షణనే అభ్యాసం చేయిస్తాను. ఒక్కరు సెంటర్ మీద, నలుగురు బయట, ఎవరూ కదలకూడదు. గెలిచి వచ్చిన జట్టులో మొదటి అయిదుగురు బయట కూర్చోండి. ఈ ఏడాది బెంచీ మీద ఉన్న అమ్మాయిలు ముందు రండి. నిన్న సాధనలో చివర నిలబడ్డ ఆ పొడుగు అమ్మాయి ఎవరు? నువ్వే తల్లీ. సెంటర్‌ను నువ్వు కాయాలి.